బీరువాలో 36 కట్టలు

పద్దెనిమిది లక్షల రూపాయలు బీరువాలో ఎంత చోటు తీసుకుంటాయో నాకు 2018 వేసవిలో తెలిసింది. అన్నీ ఐదు వందల నోట్లే అయితే 36 కట్టలవుతాయి. పట్టుచీరల అర కింద, పాత పాలసీ కాగితాల వెనుక సర్దితే తలుపు పడుతుంది కానీ, ఆ గదిలోకి వెళ్లిన ప్రతిసారీ తాళం వేశామా లేదా అని చెయ్యి తనంతట తానే వెళ్లి చూసుకుంటుంది. ముప్పై ఏళ్లకు పైగా కళాశాలలో పాఠాలు చెప్పి, నెలనెలా ఆదాయపు పన్ను కోతపోగా మిగిలిన జీతాన్ని ఇంటికి తెచ్చుకున్న నాకు, పన్నుల శాఖకు తెలియని డబ్బును ఇంట్లో దాచుకోవడం అదే మొదటిసారి.

గుంటూరు జిల్లాలోని మా ఊళ్లో, నాన్నగారి నుంచి నాకు సంక్రమించిన 200 గజాల ఇంటి స్థలాన్ని అమ్మగా వచ్చిన డబ్బు అది. బేరం గజం 15,000 చొప్పున 30 లక్షలకు కుదిరింది. గవర్నమెంటు వాల్యూ మాత్రం గజానికి ఆరు వేలే ఉంది. మధ్యవర్తి మా ఇంటి వసారాలో కూర్చుని, కాఫీ తాగుతూ, ఎండ గురించి మాట్లాడినంత మామూలుగా ఆ మాట చెప్పాడు: "గవర్నమెంటు వాల్యూకి రాయిద్దాం మాస్టారూ, పన్నెండు లక్షలు. మిగతాది చేతికిచ్చేస్తారు. అందరూ చేసేదే గదండీ." అందరూ చేసేదేనన్న మాట నిజం. పైగా గవర్నమెంటు వాల్యూకు రాయించుకోవడం అంటే ప్రభుత్వం చెప్పిన ధరకే రాయించుకోవడం కాబట్టి అందులో తప్పేముందన్న ఒక మభ్యపెట్టే తర్కం కూడా ఉంది. ఆ విలువ స్టాంపు డ్యూటీ లెక్కకు ప్రభుత్వం పెట్టుకున్న కనీస హద్దు మాత్రమేననీ, అసలు ఎంతకు అమ్మామో అంత రాయడమే చట్టమనీ నాకు తెలియక కాదు. తెలిసీ, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో, ప్రతిఫలం పన్నెండు లక్షలు పూర్తిగా ముట్టినదని రాసిన దస్తావేజు మీద ఓపికగా పేజీపేజీకీ సంతకం చేశాను.

నా లెక్క చాలా సులువైనది. భూమి అమ్మితే వచ్చే దీర్ఘకాలిక లాభం మీద అప్పట్లో పన్ను 20 శాతం. లెక్కలోకి రాని పద్దెనిమిది లక్షల మీద, సెస్సు పక్కన పెడితే, 3,60,000 రూపాయలు మిగిలాయి. ఇన్నేళ్లు పైసాతో సహా కట్టినవాణ్ణి, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. నిజాయితీగా బతికిన కాలాన్ని బ్యాంకులో దాచుకున్న సొమ్ములా లెక్కేసి, అందులోంచి కొంత తీసి ఖర్చుపెట్టుకునే హక్కు ఉందనుకోవడం జీతాల మీద బతికే మా తరగతికి బాగా అలవాటైన ఆలోచన.

తరువాత మొదలైంది అసలు కథ. ఈ డబ్బుతో ఏం చేయాలి? ఒక ఆర్థిక సంవత్సరంలో పొదుపు ఖాతాలో పది లక్షలు, అంతకు మించి నగదు జమ అయితే బ్యాంకు ఆ వివరాన్ని ఆదాయపు పన్ను శాఖకు పంపాలి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని డబ్బు మీద అప్పటి చట్టం ప్రకారం పన్ను, సర్‌చార్జి, సెస్సు అన్నీ కలిపి 78 శాతం. బంధువుల్లో ఎవరికైనా వడ్డీకి ఇద్దామా అంటే, 20,000 రూపాయలు, ఆ పైన అప్పును నగదుగా తీసుకోవడమే నిషిద్ధం. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ఇక మిగిలిన దారి ఖర్చుపెట్టడం. మరుసటి ఏడాది మా అమ్మాయి పెళ్లి. మండపం వారితో, వంటవారితో, పూల అలంకరణ వారితో, నగల దుకాణంలో, ప్రతిచోటా నేనే ముందుగా "క్యాష్ ఇస్తానండీ" అన్నాను. ఆ మాట వినగానే ఎదుటివారి ముఖంలో కనిపించే వెలుగును నేను మరచిపోలేను. ఎవరూ బిల్లు రాయలేదు, నేనూ అడగలేదు. మండపం అద్దె మీద కట్టవలసిన 18 శాతం జీఎస్టీ ఆవిరైంది. నగల విషయంలో నగదు అమ్మకాలకున్న రెండు లక్షల హద్దు దాటకుండా నా పేరున కొంత, మా ఆవిడ పేరున కొంత, బావమరిది పేరున కొంత చీటీలు రాశారు. ఒక దస్తావేజులో నేను ఆడిన అబద్ధం, ఏడాది తిరిగేలోగా అరడజను మంది చేత చిన్నచిన్న అబద్ధాలు ఆడించింది. నల్లడబ్బు అంటే గోడలో దాచిన నోట్లని సినిమాలు మనకు నేర్పాయి. నేను చూసినది మాత్రం చేతులు మారుతూ, చేరిన ప్రతి చేతినీ తన లెక్కలోకి లాక్కునే డబ్బు.

పెళ్లి అయ్యాక, రిటర్ను దాఖలు చేయించే ఆడిటరు దగ్గర మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "ముప్పై లక్షలకే రాయించి ఉంటే మీకు పన్ను ఎక్కడ పడేదండీ?" అన్నారు. భూమి అమ్మగా వచ్చిన లాభాన్ని ఆరు నెలల్లోగా జాతీయ రహదారుల సంస్థ వంటివి అప్పట్లో జారీ చేసిన నిర్దేశిత బాండ్లలో పెట్టి ఐదేళ్లు కదపకుండా ఉంచితే, 50 లక్షల వరకు పన్ను మినహాయింపు ఉందట. వడ్డీ తక్కువే కానీ అసలుకు ఢోకా లేదు. అంటే 3,60,000 రూపాయలు తప్పించుకోవడానికి నేను ఆడిన నాటకమంతా, చట్టప్రకారమే కట్టనక్కరలేని పన్ను కోసం. పైగా ఆ పద్దెనిమిది లక్షలు నగదుగా పుచ్చుకున్నట్లు బయటపడితే, అంతకు అంత జరిమానా పడేది నా మీదే. నగదు ఇచ్చినవాడి మీద కాదు. చదువుకున్నవాణ్ణని పేరున్న నేను ఈ రెండు విషయాలనూ ముందుగా ఎవరినీ అడగలేదు. మధ్యవర్తిని అడిగాను, ఊళ్లో నలుగురిని అడిగాను. చట్టాన్ని ఎలా తప్పించుకోవాలో చెప్పేవారు వీధికి పదిమంది ఉంటారు. చట్టం ఏ వెసులుబాటు ఇస్తుందో చెప్పే ఒక్కరి దగ్గరికి వెళ్లడానికి మనకు తీరిక ఉండదు.

నా సంగతి అటుంచి, కొన్నవాడి సంగతి చూడండి. ఆ స్థలం కొన్నది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రవాడు. అతని సంపాదన మొత్తం బ్యాంకు ద్వారా వచ్చినదే, పన్ను కట్టినదే. నా కోసం ఆ తెల్లడబ్బును అతను నల్లగా మార్చుకోవలసి వచ్చింది. నెలల తరబడి కొద్దికొద్దిగా తీసి పోగేసుకున్నది కొంత, ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నది కొంత. అతనికి మిగిలినదల్లా పద్దెనిమిది లక్షల మీద రిజిస్ట్రేషన్ ఖర్చు, 7.5 శాతం చొప్పున 1,35,000 రూపాయలు. రేపు అతను ఆ స్థలం అమ్మితే, కొన్న ధర కాగితం మీద పన్నెండు లక్షలే కాబట్టి, నేను ఎగవేసిన లాభం అతని లాభంగా లెక్కకు వస్తుంది. నా పన్ను అతని నెత్తికెక్కింది. తప్పించుకోవాలంటే అతనూ మరొక అమాయకుణ్ణి వెతుక్కుని, నేను చెప్పిన మాటే అతనికి చెప్పాలి.

ఇదంతా చెబుతున్నది నగదును తిట్టడానికి కాదు. నగదు చట్టబద్ధమైన చెల్లింపు. తోపుడుబండి మీద కూరలమ్మేవారు నోటు అడిగితే అందులో ఎగవేత ఏమీ లేదు. తాజా కూరగాయల మీద జీఎస్టీయే లేదు. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు, హావేరిలో కూరగాయలమ్మే ఒకాయనకు నాలుగేళ్లలో 1.63 కోట్ల రూపాయలు వచ్చాయన్న లెక్కతో 29 లక్షలు కట్టమని నోటీసు వెళ్లింది. బెంగళూరులో కాపురముంటున్న మా అమ్మాయి, తమ వీధి దుకాణాల్లో క్యూఆర్ కోడ్ అట్టలు తీసేసి "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" అని కాగితాలు అంటించారని ఫొటో తీసి పంపింది. వచ్చిన ప్రతి రూపాయీ అమ్మకం కాదు, అమ్మిన ప్రతి సరుకూ పన్ను పడేది కాదు అన్న తేడా చూడకుండా నోటీసులు పంపితే, సక్రమంగా ఉన్నవాడు కూడా భయపడి నగదులోకి పారిపోతాడు. చివరకు ప్రభుత్వమే, నమోదు చేసుకుంటే పాత బకాయిల కోసం పట్టుపట్టబోమని సర్దిచెప్పవలసి వచ్చింది. నోట్ల రద్దు కూడా ఇదే పొరపాటు మరింత పెద్ద ఎత్తున చేసింది. రద్దయిన 15.41 లక్షల కోట్ల రూపాయల నోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకు తిరిగి వచ్చేశాయి. నా 36 కట్టలు ఆ రద్దు జరిగి రెండేళ్లు నిండకముందే, కొత్త నోట్లతోనే తయారయ్యాయి. తప్పు నోటులో ఉందనుకున్నవారు నోటును మార్చారు. దస్తావేజులో అంకె అలాగే ఉండిపోయింది.

2021లో గుంటూరులో ఇల్లు కట్టేటప్పుడు మరొక పాఠం నేర్చుకున్నాను. టైల్స్ దుకాణంలో సరుకు 1,20,000 అయింది. "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుద్ది మాస్టారూ, ఇరవై ఒక్క వేల ఆరొందలు ఎక్స్‌ట్రా. వద్దంటే ఇదే రేటు" అన్నాడు యజమాని. అట్టపెట్టె మీద అచ్చు వేసిన గరిష్ఠ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయన్నది అప్పటికి నాకు స్ఫురించలేదు. సొంత ఇల్లు కట్టుకునేవాడికి ఆ 18 శాతం ఎవరి దగ్గరా తిరిగి రాబట్టుకునే వీలు లేని భారం కాబట్టి, జీఎస్టీ గొలుసులో ఆశ పుట్టే చోటు సరిగ్గా అదే. వ్యాపారి మరొక వ్యాపారి దగ్గర కొంటే బిల్లు అడిగి తీసుకుంటాడు, ఎందుకంటే ఆ పన్ను అతనికి జమ వస్తుంది. నాకు బిల్లు వల్ల వచ్చేది ఏమీ లేదు.

అయితే నేను వద్దన్న బిల్లు ఏమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం ఒక పూర్వ విద్యార్థి చెప్పాడు. అతనిప్పుడు సిమెంటు, ఇనుము వ్యాపారంలో ఉన్నాడు. సరుకు దుకాణానికి రెండు దారుల్లో వస్తుంది. మొదటిది పూర్తిగా జీరో వ్యాపారం: ఫ్యాక్టరీ నుంచే బిల్లు లేకుండా బయలుదేరి, సరుకు రవాణాకు ఉండవలసిన ఈ-వే బిల్లు లేకుండా రాత్రిపూట లారీలో వచ్చి, చీటీ మీద లెక్కలతో అమ్ముడుపోతుంది. రెండవది ఇంకా తెలివైనది. సరుకు బిల్లుతోనే వస్తుంది, నాలాంటివాడికి బిల్లు లేకుండా పోతుంది. సరుకు అయిపోయినా పుస్తకంలో నిల్వ మిగిలే ఉంటుంది. ఆ మిగిలిన నిల్వ మీద, సరుకు అక్కరలేని, బిల్లు మాత్రం కావలసిన ఇంకెవరికో బిల్లు రాసి కమీషను పుచ్చుకుంటారు. ఆ బిల్లు చూపి అతను తాను కట్టవలసిన పన్నులోంచి ఆ మేరకు తగ్గించుకుంటాడు. నేను వదులుకున్న కాగితాన్ని మరొకడు కొనుక్కుని ఖజానాలో చెయ్యి పెట్టాడన్నమాట. ఇరవై ఒక్క వేల ఆరు వందలు మిగిలాయని సంతోషించినవాణ్ణి, ఆ సొమ్ము నాకు డిస్కౌంటుగా ఎందుకు ఇవ్వగలిగాడో ఆలోచించలేదు. వరండాలో వేసిన టైల్స్ ఆరు నెలలకే రంగు తేలిపోతే వెళ్లి అడిగాను. "మా దగ్గరే కొన్నారా మాస్టారూ?" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఈ విషయం ఎవరితో వాదించినా చివరకు ఒకచోటికే వస్తుంది: "మనం కట్టిన పన్ను ఎవరి జేబులోకి పోతుందో తెలియదా? మనమెందుకు కట్టాలి?" ఈ కోపాన్ని నేను తీసిపారేయను. గుంతలు పడిన రోడ్డు మీద బండి నడిపేవాడికి అలా అనిపించడం సహజం. కానీ మన ప్రాంతంలో పన్ను కట్టం అన్నవారి చరిత్ర ఒకటుంది. దాని పక్కన మన కోపాన్ని నిలబెట్టి చూడాలి. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘంగా చేయడంతో, ఏడాదికి నాలుగు వేల వరకు ఉన్న పన్ను దాదాపు నలభై వేలకు పెరిగింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం 1921లో ఇళ్లకు తాళాలు వేసి ఊరి బయట పాకలు వేసుకున్నారు. రామనగర్ అని పేరు పెట్టుకున్న ఆ గుడిసెల ఊళ్లో పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చారు. గోపాలకృష్ణయ్య జైలుకు వెళ్లారు. మరుసటి ఏడాది మా జిల్లాలోనే, పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి వెంట రైతులు శిస్తు కట్టబోమని ప్రకటించి, ఆస్తులు జప్తు చేస్తుంటే చూస్తూ నిలబడ్డారు. వాళ్లు కట్టం అని చెప్పి కట్టలేదు. పేరు చెప్పారు, కారణం చెప్పారు, నష్టం భరించారు. నేను కట్టేశానని సంతకం పెట్టి కట్టలేదు. ప్రభుత్వం మీద కోపమే నా కారణమైతే, ఆ కోపం గురించి ప్రభుత్వానికి ఈనాటికీ తెలియదు. పన్ను తప్పించుకునే వీలు లేనివారు మాత్రం కడుతూనే ఉన్నారు. 2025 సెప్టెంబరు 22న తగ్గించేదాకా బిస్కెట్ల మీద 18 శాతం జీఎస్టీ ఉండేది. కూలికి వెళ్తూ బిడ్డ చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టిన తల్లికి "బిల్లు లేకుండా అయితే ఎంత" అని అడిగే అవకాశం ఎవరిచ్చారు?

ప్రభుత్వాల తప్పు నిజంగా ఉన్నది మరొకచోట. తెలంగాణలో భూముల మార్కెట్ విలువలను, అంటే ఈ గవర్నమెంటు వాల్యూలనే, 2013 తరువాత మళ్లీ 2021లో గానీ సవరించలేదు. ఆ ఎనిమిదేళ్లలో హైదరాబాదు చుట్టూ ధరలు ఎలా పెరిగాయో అందరం చూశాం. కాగితం ధరకూ అసలు ధరకూ మధ్య అంత అగాధం తవ్వి ఉంచితే, అందులో పడనివాడు అరుదు. విలువ పెంచిన ప్రతిసారీ భారం మోపారని గోల చేసేది కూడా మనమే అనుకోండి.

ఆ అగాధంలో నేను పడేసినది నా లెక్క ఒక్కటే కాదని 2020లో తెలిసింది. మా ఊరి పక్కగా రహదారి విస్తరణకు భూసేకరణ మొదలైంది. మా పెదనాన్నగారి అబ్బాయి ఇంటి స్థలంలో సగం దాని కింద పోయింది. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువను నిర్ణయించేటప్పుడు, గవర్నమెంటు వాల్యూతో పాటు, ఆ చుట్టుపక్కల అటువంటి స్థలాలకు గత మూడేళ్లలో రిజిస్టరైన దస్తావేజులను తీసి, ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటును చూస్తారు. వాటిలో ఏది ఎక్కువైతే అది తీసుకుని, గ్రామీణ ప్రాంతాల్లో దాన్ని నిర్ణీత గుణకంతో పెంచి, దాని మీద నూటికి నూరు శాతం ఓదార్పు పరిహారం కలుపుతారు. అంటే అందరూ దస్తావేజుల్లో దాచి ఆ సగటులో తగ్గించిన ప్రతి రూపాయీ పరిహారం దగ్గరకు వచ్చేసరికి రెండు రూపాయలకు తక్కువ కాకుండా తరుగుతుంది. అన్నయ్య ఆ దస్తావేజుల జాబితా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "ఒరేయ్, మన ఊళ్లో గజం పదిహేను వేలుంటే వీళ్లు ఆరు వేలని ఎక్కడి నుంచి తెచ్చార్రా? నువ్వు చదువుకున్నవాడివి గదా, అర్జీ రాసిపెట్టు" అన్నాడు. జాబితాలో ఐదో వరుసలో నా పేరుంది. ఆయన కళ్లజోడు తెచ్చుకోలేదు. అర్జీ రాసిపెట్టాను. అందులో గజం 15,000 అని రాశాను. రుజువుగా జతచేయడానికి ఊరంతటికీ ఒక్క కాగితం దొరకలేదు.

గత ఏడాది మా అబ్బాయి విజయవాడలో ఒక ఫ్లాటు చూశాడు. మూడో అంతస్తు, తూర్పు ముఖం, కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. ధర 90 లక్షలు. "55కి రాయిద్దాం, 35 క్యాష్ ఇవ్వండి" అన్నాడు అమ్మేవాడు. ఈసారి ఇద్దరం కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాం. మిగిలే రిజిస్ట్రేషన్ ఖర్చు 2,62,500. బ్యాంకు అప్పు దస్తావేజు విలువలో 80 శాతం దాకా ఇస్తుందనుకుంటే 72 లక్షలకు బదులు 44 లక్షలే వస్తుంది. తగ్గిన 28 లక్షలను రెండు రూపాయల వడ్డీకి బయట తేవాలి; నెలకు 56,000. ఐదు నెలలు తిరక్కుండానే మిగిలినదంతా వడ్డీకి పోతుంది. రేపు అమ్మేటప్పుడు ఆ 35 లక్షల మీద ఇప్పటి 12.5 శాతం రేటున 4,37,500 మావాడే కట్టుకోవాలి. బేరం చెడిపోయి మధ్యలో ఆగితే, ఇచ్చిన నగదుకు చేతిలో చీటీ కూడా ఉండదు. మొత్తం తెల్లగా అయితేనే కొంటామని చెప్పాం. అమ్మేవాడు తన పన్ను కూడా మేమే భరించాలంటూ ధర ఐదు లక్షలు పెంచాడు. మేము లేచి వచ్చేశాం. నెల తిరగకుండా ఆ ఫ్లాటు వేరేవాళ్లు కొన్నారు, 55 లక్షలకు రిజిస్ట్రేషన్ అయిందని విన్నాం.

మావాడు కొన్నది అదే వీధిలో మరొక భవనంలో, మొదటి అంతస్తులో. అడిగిన ధరంతా దస్తావేజులో రాసుకున్నారు, ఒక శాతం టీడీఎస్ (అమ్మేవారి తరఫున ముందే కోసి కట్టే పన్ను) మినహాయించి కట్టాడు, రసీదులన్నీ ఒక ఫైలులో పెట్టుకున్నాడు. కిటికీ తీస్తే ఎదురింటి నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. కోడలు ఇప్పటికీ ఆ కొండ గురించి అంటూనే ఉంటుంది.